ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే అగ్రికల్చర్ విద్యార్థికి: పుచ్చు శాతం వేరు, నష్టం వేరు

అగ్రికల్చర్ డిగ్రీ మూడో ఏడాదికి వచ్చేసరికి చాలామందిలో ఒక కోరిక బలపడుతుంది: ప్రపంచంలో ఆకలి తగ్గించే పనిలో తామూ ఒక చెయ్యి వెయ్యాలని. చాలా మంచి కోరిక. 2024లో దాదాపు 67 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ఎనిమిది పది వారాల ఇంటర్న్‌షిప్‌తో ఆ అంకె కదలదు. అయినా ఆ కొద్ది వారాల్లో విద్యార్థి ఇవ్వగలిగింది ఒకటుంది, తప్పు లేకుండా కొలిచిన ఒక లెక్క. ఏ ఊళ్లో ధాన్యం పురుగుపాలవుతోంది, ఎక్కడ పూట గడవడం లేదు అన్న లెక్కల మీదే ధాన్యం నిల్వ చేసే సంచులు ఎవరికివ్వాలో, గోదాం ఎక్కడ కట్టాలో తేలుస్తారు. లెక్క తప్పితే ఆ డబ్బు అక్కర్లేని చోటికి పోతుంది.

1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార శిఖరాగ్ర సభ ఇచ్చిన నిర్వచనం నుంచి ఆహార భద్రతకు నాలుగు అంశాలు చెప్పుకుంటాం: లభ్యత, అందుబాటు, వినియోగం, స్థిరత్వం. క్లాసులో నాలుగూ చదవాల్సిందే కానీ ఇంటర్న్‌షిప్‌కి ఒక్కటే పట్టుకోవాలి. నన్నడిగితే కోత తర్వాతి నిల్వ నష్టం తీసుకోమంటాను. కోతకీ చిల్లర అమ్మకానికీ మధ్య ప్రపంచ ఆహారంలో సుమారు 13 శాతం పోతోందని ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్క. దీన్ని కొలవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 0.01 గ్రాము దాకా చూపించే త్రాసు, జల్లెడ, ఓపిక ఉంటే చాలు.

మొదట తేమ. మీటర్ లేనిచోట ఉప్పు పరీక్ష పనికొస్తుంది. బాగా ఆరిన ముప్పావు లీటరు గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, ఎండబెట్టిన పొడి ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి రెండు నిమిషాలు గట్టిగా ఊపాలి. ఉప్పు గాజు గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకపోతే 15 కన్నా తక్కువ, అంతే. మొక్కజొన్నను నెలల తరబడి నిల్వ చేయాలంటే తేమ 13 శాతం దగ్గరికి దిగాలి. 13కీ 15కీ మధ్యనున్న గింజ ఉప్పు పరీక్ష పాసవుతుంది, నిల్వలో బూజు పడుతుంది. అందుకే ఉప్పు అంటలేదని తెలిశాక కూడా ఇంకో రోజు ఎండబెట్టమని చెప్పడం మేలు. తడి ఉప్పు వాడితే పొడి గింజ కూడా ఫెయిలవుతుంది.

తర్వాత నమూనా. చేతికందిన పైబస్తా విప్పి గుప్పెడు తీస్తే అది నమూనా కాదు. పది బస్తాల లోపుంటే అన్నిట్లోంచీ తీయాలి. పది నుంచి వంద దాకా ఉంటే ఏవైనా పది, వంద దాటితే మొత్తం సంఖ్యకు వర్గమూలమంత. అంటే 400 బస్తాలుంటే 20. ప్రతి బస్తాలో పైన, నడుమ, అడుగున గొట్టం గుచ్చి తీయాలి. పురుగు అంతటా ఒకేలా ఉండదు. తీసిందంతా గుట్టగా పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పక్కకు తీసేస్తూ, కావలసినంత మిగిలేదాకా అలాగే తగ్గించాలి.

అసలు తప్పంతా దీని తర్వాత జరుగుతుంది. జల్లెడ పట్టాక 500 గింజలు లెక్కపెట్టామనుకుందాం. మంచివి 420, వాటి బరువు 126 గ్రాములు. పుచ్చినవి 80, వాటి బరువు 20 గ్రాములు. రిపోర్టులో చాలామంది “నష్టం 16 శాతం” అని రాసేస్తారు. 16 శాతం అన్నది పుచ్చిన గింజల సంఖ్య. చిల్లు పడిన గింజలో కూడా పిండి చాలావరకు మిగిలే ఉంటుంది. బరువు నష్టం ఇలా కట్టాలి: మంచి గింజల బరువును పుచ్చినవాటి సంఖ్యతో గుణిస్తే 10,080. పుచ్చినవాటి బరువును మంచివాటి సంఖ్యతో గుణిస్తే 8,400. తేడా 1,680. దీన్ని మంచి గింజల బరువు, మొత్తం సంఖ్యల లబ్ధంతో, అంటే 63,000తో భాగించి వందతో గుణిస్తే 2.67 శాతం. 16 ఎక్కడ, 2.67 ఎక్కడ! ఈ ఒక్క పొరపాటుతో ఒక ప్రాంతపు నష్టం ఆరింతలై కూర్చుంటుంది.

అలాగని ఈ పద్ధతి లోపం లేనిది కాదు. ముక్కుపురుగు ఒక్కోసారి పెద్ద గింజల్నే ఎంచుకుంటుంది. అప్పుడు పుచ్చినవి మంచివాటికన్నా బరువు తూగి, నష్టం మైనస్‌లో వస్తుంది. కంగారుపడి ఆ రీడింగ్ కొట్టేయకూడదు. మైనస్‌లు మాత్రమే తీసేస్తే సగటు పైకి పోతుంది. ఉన్నది ఉన్నట్టు రాసుకుని, 1,000 గింజలతో మళ్లీ చేయాలి, లేదా గింజల్ని సైజుల వారీగా విడదీసి విడివిడిగా కట్టాలి. పురుగు పూర్తిగా తినేసిన గింజ అసలు లెక్కలోకే రాదు, లోపల పిల్లపురుగున్న గింజ పైకి మంచిదిగానే కనిపిస్తుంది. కాబట్టి పురుగు బాగా పట్టిన సరుకులో ఈ లెక్క అసలు నష్టం కన్నా తక్కువే చూపిస్తుంది.

ఇంకో మెలిక ఉంది. రైతు వెయ్యి కిలోలు దాచి నెలనెలా తీసి వాడుకుంటాడు. ఆరో నెలలో 200 కిలోలు మిగిలినప్పుడు నష్టం 10 శాతం అని తేలితే, వెయ్యి మీద వంద కిలోలు పోయినట్టు కాదు. ఆ పది శాతం చివరి వాటాకే చెందుతుంది. ముందు నెలల్లో తీసినదానికి ఆయా నెలల శాతాలు వెయ్యాలి. ఎంత, ఎప్పుడు తీశారో ఇంట్లో అడగకుండా నష్టం కట్టడం కుదరదు. ఆ జవాబు తరచూ ధాన్యం తీసి వండే మనిషి దగ్గరే ఉంటుంది.

గాలి చొరబడని సంచుల ప్రదర్శన కూడా ఇలాంటి ఇంటర్న్‌షిప్‌లలో ఉంటుంది. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ పొరలు, బయట నేసిన సంచి. ఒక్కో పొరలోని గాలి నొక్కి తీసి, మెలిపెట్టి, విడిగా బిగించి కట్టాలి. లోపలి ఆక్సిజన్‌ను పురుగులే వాడేసుకుని, తినడం మానేసి చస్తాయి. తడి గింజ పోస్తే మాత్రం లోపలే కుళ్లుతుంది. వారానికోసారి విప్పితే గాలి మళ్లీ లోపలికొస్తుంది, అందుకని ఆఖర్న వాడుకునే ధాన్యమే ఇందులో పోయమనాలి. నింపే ముందు పొరను గాలితో ఉబ్బించి, చెంప దగ్గర పెట్టుకుని నొక్కుతూ చిల్లులు వెతకాలి. సన్నని గాలి తగిలితే ఆ పొర పనికిరాదు.

ఇళ్లలో ఆకలి సర్వే పడితే ఎక్కువగా వాడేది ఎఫ్‌ఏఓ ఎనిమిది ప్రశ్నల పట్టిక. “డబ్బో, ఇతర వనరులో లేక” అన్న మాట ప్రతి ప్రశ్నలోనూ ఉంటుంది. పదిళ్లు తిరిగేసరికి విసుగొచ్చి ఆ ముక్క మింగేస్తుంటారు. అప్పుడు ఉపవాసమున్నవాళ్లూ, బరువు తగ్గాలని మానేసినవాళ్లూ “రోజంతా తినలేదు” కిందికి చేరిపోతారు. ప్రశ్నను మీ మాటల్లోకి మార్చుకోకుండా కాగితంలో ఉన్నట్టే చదవండి. అడిగేది గత 12 నెలల గురించే అయినా, కోతకు ముందు వెళ్లారా తర్వాత వెళ్లారా అన్నదాన్ని బట్టి గుర్తొచ్చేవి మారతాయి. ప్రతి ఫారం మీదా తేదీతో పాటు కోత ముగిసి ఎన్ని వారాలైందో కూడా రాయండి. తర్వాతి బ్యాచ్ మీ అంకెల్ని తమ అంకెలతో పోల్చాలంటే ఆ వివరం ఉండి తీరాలి.