ఫైర్ స్టేషన్‌లో అరగంట

ప్రీస్కూల్ టీచర్‌గా పని మొదలుపెట్టిన రోజుల్లో, పిల్లలను బయటికి తీసుకువెళ్లినప్పుడు ఎన్ని ఎక్కువ చూపిస్తే అంత మేలు చేసినట్టని అనుకునేదాన్ని. ఇప్పుడు నా అభిప్రాయం పూర్తిగా మారింది. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఒక పర్యటనలో ఒక్క విషయం చాలు. అది దగ్గరలో ఉండాలి, వాళ్ల కళ్లకు అందే ఎత్తులో ఉండాలి, వీలైతే చేత్తో ముట్టుకోగలిగేదై ఉండాలి.

ఈ మార్పుకు కారణం ఒక పోస్టాఫీసు. ఉత్తరాలపై ముద్ర వేయడం చూపిద్దామని పద్దెనిమిది మంది పిల్లలను తీసుకువెళ్లాను. అక్కడికి చేరాక గానీ తెలియలేదు, నాకు నడుము పైదాకా వచ్చే ఆ కౌంటర్ పిల్లలకు ఒట్టి గోడ అని. నాలుగేళ్ల పిల్లల ఎత్తు ఇంచుమించు ఒక మీటరే కదా. ఒక్కొక్కరినీ ఎత్తి చూపిస్తుంటే మిగతావాళ్లు విసుగెత్తి చెల్లాచెదురయ్యారు, ఒక బాబు తలుపు దాకా వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు కలిగిన భయాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటి నుంచి ఏ చోటికైనా ముందుగా నేనొక్కదాన్నే వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఎత్తు నుంచి ఏం కనిపిస్తుందో చూసి వస్తున్నాను. మరుగుదొడ్డి ఎంత దూరం, కుళాయి పిల్లల చేతికి అందుతుందా, నీడ ఎక్కడ ఉంది, వాహనం ఎక్కడ వెనక్కి తిరుగుతుంది, ఉన్నట్టుండి పెద్ద శబ్దం ఎక్కడి నుంచి రావచ్చు అన్నవన్నీ అప్పుడే గమనించి రాసుకుంటాను.

ప్రయాణ సమయం విషయంలో నేను అసలు రాజీపడను. ఐదేళ్ల లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన మార్గదర్శకాలు, పిల్లలను కదలనివ్వకుండా ఒకేసారి గంటకు మించి కూర్చోబెట్టి ఉంచకూడదని చెబుతున్నాయి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని కూడా అందులోనే ఉంది. అందుకే అరగంటకు మించని దూరమే ఎంచుకుంటాను, ఉదయమే బయలుదేరి మధ్యాహ్నం నిద్రవేళకు ముందే తిరిగి తీసుకువస్తాను. ‘అంత దగ్గరికేనా?’ అని అడిగే తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ ఉంటారు. న్యూయార్క్‌లో 1916లో బ్యూరో ఆఫ్ ఎడ్యుకేషనల్ ఎక్స్‌పెరిమెంట్స్ అనే విద్యా పరిశోధన సంస్థను స్థాపించిన అమెరికన్ విద్యావేత్త లూసీ స్ప్రేగ్ మిచెల్, చిన్నపిల్లల చదువు వాళ్ల చుట్టూ ఇప్పుడు, ఇక్కడ ఉన్న వాటితోనే మొదలవాలని వాదించారు. రోజూ తమ వీధిలో వెళ్లే వాహనం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం నాలుగేళ్ల మనసుకు చిన్న విషయమేమీ కాదని నేను ఆ తల్లిదండ్రులతో చెబుతాను.

అనుమతి పత్రాలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మార్చడానికి బట్టలు, అలర్జీ ఉన్న పిల్లల మందులు అందరికీ తెలిసినవే. పెద్దల సంఖ్య గురించి మాత్రం కొంత చెప్పాలి. నలుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలన్నది నేను పెట్టుకున్న లెక్క: ఇద్దరు పిల్లలు ఆ పెద్ద మనిషి రెండు చేతులూ పట్టుకుంటారు, మరో ఇద్దరు ఆ ఇద్దరి చేతులు పట్టుకుంటారు. ఏ నలుగురు ఎవరి బాధ్యతో ముందురోజే పేర్లతో సహా రాసి ఇస్తాను, ఎందుకంటే అందరూ అందరినీ చూస్తున్నారంటే ఎవరూ ఎవరినీ చూడటం లేదన్నమాటే. వాహనం ఎక్కాక, దిగాక, ప్రతి గుమ్మం దాటాక తలలు లెక్కపెట్టాలి. పిల్లల పేర్లు పైకి కనిపించేలా అంటించకూడదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పేరు పెట్టి పిలిచినా పిల్లలు నమ్మి వెళ్తారు. బడి ఫోన్ నంబరు మాత్రం ఉన్న పట్టీ చాలు.

ఇన్నేళ్లలో నాకు బాగా తృప్తినిచ్చిన పర్యటన ఫైర్ స్టేషన్‌ది. వెళ్లడానికి మూడు రోజుల ముందు నుంచే తరగతిలో పిల్లల ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాసి గోడకు అంటించాను. ‘గొట్టంలోకి నీళ్లు ఎవరు పోస్తారు?’, ‘మంట పోయాక పొగ ఎక్కడికి పోతుంది?’ లాంటివి అందులో ఉన్నాయి. ఆ కాగితం ముందుగానే స్టేషన్ వాళ్లకు చూపించి, ఉపన్యాసం వద్దని, సైరన్ మోగించవద్దని, మాస్కు పెట్టుకోవడం మాత్రం పిల్లల ముందే నెమ్మదిగా జరగాలని కోరాను. మాస్కు గురించి పట్టుబట్టడానికి బలమైన కారణం ఉంది. పొగలో గాలి సిలిండరుతో, ముఖమంతా కప్పుకుని వచ్చే మనిషిని చూసి చిన్నపిల్లలు భయపడి, మంచం కిందో అలమరలోనో దాక్కునే ప్రమాదం ఉంటుంది. ఆ తొడుగు వెనుక ఉన్నది మనిషేనని వాళ్లకు ముందే తెలియాలి.

ఆ ఫైర్‌మన్ నేల మీద కూర్చుని ముందు బూట్లు, తర్వాత కోటు, ఆపైన గ్లౌజులు ఒక్కొక్కటీ పిల్లల చేతికిచ్చి తడమనిచ్చిన తర్వాతే తొడుక్కున్నారు. మాస్కు పెట్టుకోగానే లోపలి నుంచి బుస్సుమని ఊపిరి శబ్దం వచ్చింది. మూడున్నరేళ్ల పాప ఒకతి నా చీర కుచ్చిళ్లలో ముఖం దాచేసుకుంది. ఆయన ముందుకు రాకుండా కూర్చున్నచోటే ఉండి, మాస్కు తీసి నవ్వి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు. మూడోసారికి పాప ఒక కన్నుతో చూసింది. నేను ఆమెను దగ్గరికి వెళ్లమనలేదు. అలాంటి చోట పిల్లలను తొందరపెట్టడం తప్పని నా గట్టి నమ్మకం. అరగంటలో అన్నీ ముగించుకుని బయలుదేరాం. ఇంజిన్ వెనుక భాగం చూడనే లేదు, చూపించాలని నేనూ అనుకోలేదు.

తిరిగి వచ్చాక వెంటనే ‘ఏం నేర్చుకున్నారు?’ అని అడగకుండా, ఒక పాత గొట్టం ముక్క, అట్టపెట్టెలు, పెద్ద సైజు బూట్లు ఆటల మూలలో పెట్టి ఊరుకున్నాను. రెండు రోజులు ఆ పాప వాటి దరికి వెళ్లలేదు. మూడో రోజు అట్టపెట్టె ఒకటి తలకు తగిలించుకుని, బుస్సు బుస్సుమంటూ నా దగ్గరికి వచ్చింది. నేను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను. పాప పెట్టె పైకెత్తి, “భయపడకండి టీచర్, లోపల నేనే” అంది.