జెండా మోసే చేతికి తీర్మానాల పుస్తకం

ఎలక్షన్ల నెలలో ఊళ్లో యువకులకు పనే పని. ఫ్లెక్సీలు కట్టాలి, బైకు ర్యాలీ తీయాలి, స్లిప్పులు పంచాలి. లెక్కింపు అయిన తెల్లారి నుంచి వాళ్లను పంచాయతీ ఆఫీసుకు రమ్మని పిలిచేవాళ్లు ఉండరు. 2023లో పాలకుర్తి నుంచి 26 ఏళ్ల యశస్విని రెడ్డి ఎమ్మెల్యే కావడం మంచి కబురే. కానీ అసెంబ్లీ టికెట్టు వేలల్లో ఒకరికి కూడా దొరకదు. వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు ఊళ్లలో చదువుకున్న పిల్లలు అడుగు పెట్టాల్సిన చోటు గ్రామసభ, వార్డు మెంబర్ కుర్చీ. ఆ రెండింటి పని తీరు మాత్రం వాళ్లకు ఏ కాలేజీలోనూ చెప్పరు.

ముందు ఓటు. 18 ఏళ్లు నిండాయా లేదా అని చూడటానికి ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. 17 నిండితే కొత్త ఓటరు దరఖాస్తు, అంటే ఫారం 6, ముందుగానే ఇచ్చి పెట్టుకోవచ్చు. పంచాయతీ ఓటర్ల జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు కాబట్టి అందులో పేరు లేకపోతే సర్పంచ్ ఎన్నికలోనూ ఓటు ఉండదు. వార్డులవారీ ముసాయిదా అతికించిన రోజునే పోయి చూడాలి. ఒకే ఇంట్లో ఇద్దరి పేర్లు రెండు వార్డుల్లో పడటం మామూలే, దాన్ని సరిచేయించే గడువు చాలా తక్కువ.

ఇక గ్రామసభ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. 500 దాకా ఓటర్లుంటే 50 మంది, వెయ్యి దాకా 75, మూడు వేల దాకా 150 మంది కోరం, అంటే సభ చెల్లడానికి కనీసం అంతమంది రావాలి. చెడేది ఇక్కడే. పని దినం పొద్దున పదకొండింటికి పెడితే పిల్లలు హనుమకొండలో క్లాసుల్లో, పెద్దలు పత్తి చేలల్లో ఉంటారు. వచ్చినవాళ్లతో కానిచ్చేసి, తర్వాత తీర్మానాల పుస్తకాన్ని ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టిస్తారు. ఎజెండా ఏమిటో తెలియకుండా పెట్టిన ఆ సంతకమే రేపు మీరు ఒప్పుకున్నట్టు రుజువు అవుతుంది.

అందుకే పదిమంది యువకులు కలిసి మొదట చేయాల్సింది ఒక కాగితం రాయడం: సభ ఆదివారం సాయంత్రం పెట్టాలి, ముందురోజు డప్పు చాటింపు వేయించాలి. రెండో కాగితంలో తాము చర్చకు పెట్టదలచిన అంశం రాసి వారం ముందే కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. నోటిమాటగా చెప్పిన అంశం ఎజెండాలోకి ఎక్కదు.

అంశం రాయడంలో కూడా పొరపాటు జరుగుతుంది. 'మోరీలు బాగు చేయాలి' అని రాస్తే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏ వాడలో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎన్ని మీటర్లు, నీళ్లు ఎటు పోవాలి, ఏ నిధి నుంచి అన్నది రాయాలి. నిధి తెలియకపోవడం అన్నిటికన్నా పెద్ద లోటు. కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడినది, మిగిలిన 40 శాతంలోనే ఊరికి వెసులుబాటు. జిమ్ము కావాలని పారిశుద్ధ్యం డబ్బు అడిగితే కాదంటారు, ఆ కాదనడం న్యాయమే. పైగా పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం చెట్లకు పక్కన పెట్టాలని మన చట్టమే చెప్పింది, అది ఖర్చయ్యిందో లేదో అడగడం యువకులకు మంచి మొదటి ప్రశ్న.

ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే ఊరి ప్రణాళిక, చెల్లింపులు కనిపిస్తాయి. అందులోని పనుల పేర్లు రాసుకుని ఊళ్లో నడిచి చూడాలి. తేడా కనిపిస్తే వెంటనే వాట్సాప్‌లో పెట్టొద్దు, ముందు సమాచార హక్కు చట్టం కింద బిల్లు, కొలతల పుస్తకం నకళ్లు అడగాలి. గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, జవాబుకు 30 రోజుల గడువు. లెక్క చేతిలో లేకుండా సభలో అరిస్తే అది గెలిచిన వర్గానికీ ఓడిన వర్గానికీ పాత పంచాయితీగా మారి, అసలు విషయం మూలన పడుతుంది.

తీర్మానం చదివి వినిపించాకే సంతకం పెట్టాలి. కింద ఖాళీ వరుసలుంటే గీత కొట్టించాలి. పేజీ ఫొటో తీసుకోవాలి.

గెలవకుండానే పని చేసే దారి కమిటీలు. పంచాయతీలో పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనుల మీద నాలుగు స్టాండింగ్ కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది. పట్నంలో 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డులో యువజన కమిటీ పెట్టమంది, అదీ 15 మందితోనే. గ్రేటర్ వరంగల్‌లోని 66 డివిజన్లకు లెక్కేస్తే 990 మంది యువకులకు చోటు. ఇంత పెద్ద అవకాశాన్ని కాగితాల మీదే వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. గీసుగొండ మండలం గంగదేవిపల్లికి పేరు తెచ్చింది కూడా మంచినీళ్ల నుంచి కేబుల్ టీవీ దాకా ఒక్కో పనికి పెట్టుకున్న కమిటీలే.

పోటీకి 21 ఏళ్లు నిండాలి. వార్డు మెంబర్‌కు డిపాజిట్ 500, సర్పంచ్‌కు 2,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం. పార్టీ గుర్తు ఉండదు. ఊరి జాబితాలో పేరుంటే ఏ వార్డు నుంచైనా నిలబడొచ్చు, కానీ ప్రతిపాదించేవాళ్లు మాత్రం ఆ వార్డు ఓటరే కావాలి. పక్క వార్డు దోస్తుతో సంతకం పెట్టించి నామినేషన్ పోగొట్టుకోవద్దు. అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు, వర్తించకపోతే వర్తించదని రాయాలి. కులపత్రం, ఇంటి పన్ను రసీదు నోటిఫికేషన్‌కు ముందే చేతిలో ఉండాలి.

సగం సీట్లు ఆడవాళ్లవే. గెలిచిన అమ్మాయి తరఫున భర్తో, తండ్రో సభలో కూర్చోవడం ఇంకా పోలేదు. పంచాయతీ చెల్లింపుకు సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరూ సంతకం చేయాలి. కాబట్టి ఆన్‌లైన్ సంతకానికి వాడే డిజిటల్ కీ ఆమె దగ్గరే ఉండాలి, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. డబ్బు తిరిగి కట్టమని రికవరీ వస్తే నోటీసు ఆమె పేరు మీదే వస్తుంది.

ఖర్చు పరిమితి జనాభా ఐదు వేలు దాటిన ఊళ్లో సర్పంచ్‌కు రెండున్నర లక్షలు, లోపైతే లక్షన్నర. వార్డు మెంబర్‌కు అదే లెక్కన యాభై వేలు, ముప్పై వేలు. ఫలితం వచ్చాక 45 రోజుల్లో లెక్క ఎంపీడీవోకు ఇవ్వాలి. ఓడినవాళ్లూ ఇవ్వాలి. ఓడాం కదా అని ఊరుకుంటే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. నామినేషన్ వేసిన రోజే ఒక నోటుబుక్కు మొదలుపెట్టి, కరపత్రాల బిల్లు నుంచి మైకు కిరాయి దాకా రసీదులు అందులోనే అంటించుకుంటూ పోవాలి.