చెవి దాటిన బ్యాటు

సంచికలో వేయడానికి పాత ఫోటో ఒకటి కావాలని సంపాదకులు అడిగితే ఇల్లంతా వెతికాను. రెండు దొరికాయి. మొదటిది పదో తరగతిలో, మన బడి టేబుల్ టెన్నిస్ గదిలో తీసింది. నా బ్యాటు ఎడమ చెవి దాటి వీపు వైపుకు పోయింది. పళ్లు బిగించి ఉన్నాను. చూసినవాళ్లు ఎంత గొప్ప షాటో అనుకుంటారు. ఆ బంతి నెట్‌కు తగిలింది.

అప్పట్లో నా ఫోర్‌హ్యాండ్, అంటే అరచేయి ముందుకు పెట్టి కొట్టే దెబ్బ, అంతా భుజబలమే. చేతిని వీపు వెనక్కి లాగి ఒక్క ఊపు ఊపేవాణ్ని. తగిలితే అవతలివాడు కదలలేడు, కానీ ఎప్పుడు తగులుతుందో నాకే తెలియదు. అంత వెనక్కి పోయిన చేయి తిరిగి వచ్చేలోపు బంతి పొట్ట పక్కకు చేరేది. ఆ ఆలస్యాన్ని మణికట్టు విదిలించి కప్పిపుచ్చేవాణ్ని.

వ్యాయామం మాస్టారు కొన్నాళ్లు ఊరుకుని, ఒక సాయంత్రం బంతి తీసి జేబులో వేసుకున్నారు. "2.5 గ్రాముల బంతి ఇది. దీనికి ఇంత కుస్తీ ఎందుకు?" అన్నారు. ఆ తర్వాత మూడు వారాలు కిటికీ అద్దం ముందు ఉత్త బ్యాటు ఊపడమే నా ఆట. తోటివాళ్లు గాలితో మ్యాచ్ ఆడుతున్నానని నవ్వేవారు.

ఆ అద్దంలోనే తెలిసింది, నా కాళ్లు అసలు ఆటలోనే లేవని. ఎడమ పాదం కాస్త ముందుకు, మోకాళ్లు వంచి, బరువు అరికాలి ముందు భాగం మీద ఉంచాలి. నడుము కుడికి తిరిగితే బ్యాటు దానంతట అదే వెనక్కి పోతుంది, తుంటిని దాటి ఇంకా లాగనక్కర్లేదు. తర్వాత కుడి కాలు నేలను నొక్కుతుంది, నడుము తిరుగుతుంది, అన్నిటికన్నా చివర ముంజేయి ముడుచుకుంటుంది. బ్యాటు నుదుటి ముందు ఆగాలి. మోచేయి పక్కటెముకలకు అంటుకోకూడదు, పైకీ లేవకూడదు. చెప్పడానికి నాలుగు మాటలే. నా మోచేయి రెండు వారాలు లేస్తూనే ఉంది.

బంతి తిరిగి చేతికి వచ్చాక, అది ఎగిరి అందుకున్న ఎత్తులో, శరీరానికి ముందే తగలసాగింది. చదునుగా కొడితే 'టక్' మనే చప్పుడు, రాసుకుంటూ పైకి పోతే ఆ చప్పుడు మెత్తబడేది. అలా పైస్పిన్‌తో, అంటే ముందుకు దొర్లినట్టు తిరుగుతూ, పోయిన బంతిని గాలి కిందికి వంచుతుంది. 15.25 సెంటీమీటర్ల నెట్‌ను ధీమాగా దాటి కూడా బల్ల మీదే పడుతుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారని కాలేజీలో చదువుకున్నప్పుడు, ఇది నా చేతికి ముందే తెలుసునే అనిపించింది.

అసలు చిక్కు వెనక్కి తిరుగుతూ వచ్చే కోత బంతులతో. అదే ఊపుతో కొడితే ప్రతిదీ నెట్‌లోకే. మోకాలు ఇంకా వంచి, కుడి భుజం దించి, బ్యాటు ముఖం కాస్త తెరిచి, ముందుకన్నా పైకి ఎక్కువగా లాగాలి. ఇక్కడ మాత్రం మాస్టారికి ఓపిక నశించింది. బ్యాటు మోకాలి ఎత్తు నుంచి బయలుదేరే దాకా బంతి అందించనన్నారు. అన్నంత పనీ చేశారు.

2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది, మరుసటి ఏడాది గేమ్ 21 నుంచి 11 పాయింట్లకు తగ్గింది. మా రోజుల్లో నాలుగు బంతులు వృథా చేసినా తేరుకునే వ్యవధి ఉండేది. ఇప్పటి పిల్లలకు అదీ లేదు పాపం.

ఇక రెండో ఫోటో. ఊపు కుదిరాక నన్నెవరూ ఫోటో తీయలేదు. తుంటి నుంచి నుదుటి దాకా సాగే చిన్న కదలికలో తీయడానికి ఏముంటుంది? అది నా ప్రత్యర్థి ఫోటో. బంతి కోసం చేయి చాచి బల్ల మీదికి వాలాడు. ఫోటో అంచున నావి ఒక మోకాలు, సగం చెప్పు మాత్రం పడ్డాయి. మోకాలు వంగి ఉంది.