వెళ్ళినప్పుడల్లా

పదకొండున్నర దాటింది. చిన్నదాని బోటనీ స్లిప్ టెస్ట్ పేపరు డైనింగ్ టేబుల్ మీద ఉప్పుడబ్బా కింద రెపరెపలాడుతోంది. పేరెంట్ సంతకం కావాలట. ఇంకా పెట్టలేదు.

అసలు రోజు బాగానే గడిచింది. గుత్తివంకాయ కుదిరింది, అత్తయ్య మారు అడిగారు. ఆవిడ సంగతి మీకు తెలుసుగా, అది పద్మశ్రీతో సమానం. సాయంత్రం పిల్ల మొహం వేలాడేసుకొచ్చి ఆ పేపరు తీసింది. శ్వాసక్రియ ప్రశ్న. "ఎలక్ట్రాన్ వెళ్ళినప్పుడల్లా ప్రోటాన్ కూడా దాని వెంటే వెళ్తుంది" అన్న వాక్యం చుట్టూ ఎర్ర గీత. పక్కన "మెటీరియల్‌లో లేదు". ఒక మార్కు గోవిందా.

ఆ వాక్యం నాది. పోయిన ఆదివారం వంకాయలు తరుగుతూ నేనే చెప్పాను.

"తప్పు" అని రాసుంటే ఊరుకునేదాన్ని. మెటీరియల్‌లో లేకపోవడమేమిటి? మెటీరియల్‌లో లేనిది లోకంలోనూ లేదా? ఆ స్పైరల్ బైండింగ్ పుస్తకానికి విడిగా డబ్బులు కట్టాం, అందులో పేజీకి రెండు అచ్చుతప్పులు. వాటికి ఎవరు మార్కులు కొయ్యాలి? ఈయనేమో టీవీలోంచి తల తిప్పకుండా "ఒక్క మార్కేగా" అన్నారు. ఈయనకి అన్నీ ఒక్కటేగా!

వంకాయ ఊసు ఎందుకొచ్చిందంటే, చిన్నపిన్ని పెళ్ళి గుర్తొచ్చి. భీమవరంలో. నాకప్పుడు పదేళ్ళు. పెరట్లో వరసగా కత్తిపీటలు, మధ్యలో గంగాళం. తరిగిన ముక్కల్ని ఎప్పటికప్పుడు ఉప్పునీళ్ళలో వెయ్యడం నా డ్యూటీ. వీధిలో బ్యాండుమేళం వినబడేసరికి పరిగెత్తాను. తిరిగొస్తే పళ్ళెం నిండా ముక్కలు మసిబారిపోయి ఉన్నాయి. వంటాయన నోరు చేసుకున్నాడు, పెద్దత్త నెత్తిన మొట్టింది. అమ్మమ్మ మాత్రం మాట్లాడకుండా కుండెడు పుల్లమజ్జిగ తెచ్చి కుమ్మరించింది. నల్లబడ్డవి మళ్ళీ తెల్లబడలేదు కానీ అప్పుడే తరిగినవి ఆగాయి.

ఎందుకు ఆగాయో ఎమ్మెస్సీలో గానీ తెలియలేదు. ముక్క తెగగానే అందులోని ఫినాల్ జాతి పదార్థాలకి గాలీ, రాగి ఉన్న ఒక ఎంజైమూ తగులుతాయి. రెండు ఎలక్ట్రాన్లూ రెండు ప్రోటాన్లూ పోయి క్వినోన్ అనే పదార్థం తయారవుతుంది, ఆ క్వినోన్లు ఒకదానికొకటి అతుక్కుంటూ నల్లబడతాయి. పులుపు తగిలితే ఎంజైము నీరసపడుతుంది. నిమ్మరసమైతే ఇంకో ఉపకారం కూడా చేస్తుంది: అందులోని విటమిన్ సి, క్వినోన్ పోగొట్టుకున్న ఎలక్ట్రాన్లనీ ప్రోటాన్లనీ తిరిగి ఇచ్చేస్తుంది, అతుక్కోకముందైతే. ఎలక్ట్రాన్ ఒక్కటే పోతే వెనక ప్లస్ చార్జి మిగిలిపోతుంది, అది మొయ్యడం అణువుకి భారం. ప్రోటాన్ కూడా కదిలితే లెక్క సరి. అందుకే "వెంటే వెళ్తుంది" అన్నాను.

ఇంతవరకూ టైపు చేసి, సారుకి గట్టిగా ఒక మెసేజ్ పెడదామని నా పాత నోట్సు తీశాను. అక్కడే వచ్చింది చిక్కు.

కణంలో శ్వాసక్రియ చివరి అంచె జరిగే చోటు మైటోకాండ్రియా. దాని పొరలో కాంప్లెక్సులనే ప్రోటీన్ గుంపులుంటాయి. ఎలక్ట్రాన్లు మొదటి కాంప్లెక్స్‌లో ఇనుము-గంధకం గుత్తుల మీదుగా ఒక్కొక్కటే వెళ్తాయి, ప్రోటాన్లు ఆ దారి పట్టవు. యుబిక్వినోన్ అనే మోత అణువు దగ్గర మళ్ళీ రెండేసి చొప్పున కలుస్తాయి. మూడో కాంప్లెక్స్‌లో ప్రోటాన్లు పొర అవతలికి, ఎలక్ట్రాన్ సైటోక్రోమ్ సి అనే చిన్న ప్రోటీన్ మీదికి. ఆ సైటోక్రోమ్ మోసేది ఎలక్ట్రాన్‌ని మాత్రమే. చివర ఆక్సిజన్ దగ్గర నాలుగు ఎలక్ట్రాన్లూ నాలుగు ప్రోటాన్లూ కలిసి నీళ్ళు. అసలు ఇలా విడిపోతేనే ప్రోటాన్లు పొరకి ఒక పక్కన పోగవుతాయి, ఆ ఒత్తిడితోనే కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. ఈ మాట 1961లో అన్న బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్‌కి నోబెల్ 1978లో వచ్చింది. (ఆ ఏటీపీని 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కండరంలోంచి పట్టుకున్న ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది మా భీమవరంలోనే. ఎవరడిగినా అడక్కపోయినా ఇది చెప్పకుండా ఉండలేను.)

అంటే "వెళ్ళినప్పుడల్లా" తప్పు. "వెంటే" కూడా అనుమానమే. ఆకులో నీటిని విడగొట్టే చోట టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఒకటుంటుంది. దాని ఎలక్ట్రాన్ క్లోరోఫిల్ వైపు దూకుతుంది, ప్రోటాన్ పక్కనున్న ఇంకో అమైనో ఆమ్లం, హిస్టిడిన్ మీదికి జరుగుతుంది. బయలుదేరడం కలిసే, చేరేది వేరే చోట. పొద్దున్నే ఈయనా చిన్నదీ ఒక్కసారే గడప దాటి, ఒకరు ఆఫీసుకి, ఒకరు కాలేజీకి పోయినట్టు. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు బరువు. ఎలక్ట్రాన్‌లా దూరం దూకలేదు. స్లాబు పోసేటప్పుడు కూలీలు తట్టలు అందించుకున్నట్టు నీటి అణువులు దాన్ని చేతులు మార్చాలి.

కాబట్టి ఆ సారు మార్కు కొయ్యడం న్యాయమేనేమో. కోసిన కారణం మాత్రం అన్యాయం. మెసేజ్ చెరిపేశాను. కాసేపటికి మళ్ళీ సగం రాసి, అదీ చెరిపేశాను. పిల్లకేమని చెప్పాలి? సాయంత్రమంతా దాని ముందే ఆయన్ని తిట్టానాయె.

సంతకం పెడదామంటే పెన్ను కనబడటం లేదు. ఈయన చొక్కా జేబులో ఉంటుంది. ఆ చొక్కా వేసుకునే పడుకున్నారు.