బాగా తెలిసిన పనిలోనే దేవుణ్ణి అడగం

చేతకాని పనిలో దేవుణ్ణి అడగడం పెద్ద విశేషమేమీ కాదని ఈ మధ్య నాకు గట్టిగా అనిపిస్తోంది. పిల్లకి జ్వరం తగ్గకపోతే అడుగుతాం, కోర్టు వాయిదా ఉంటే అడుగుతాం, డాక్టరు స్కానింగ్ రాసిస్తే రిపోర్టు చేతికొచ్చేదాకా మోకాళ్ల మీదే ఉంటాం. అక్కడ మన చేతుల్లో ఏమీ లేదు కాబట్టి ఆయన మీద ఆధారపడక తప్పదు. మరి ఏళ్ల తరబడి చేస్తున్న పని, ఊళ్లో వాళ్లు వచ్చి మనల్నే సలహా అడిగే పని ఉంటుంది చూడండి, అందులో అడుగుతామా? అడగాలన్న ఆలోచన కూడా రాదు.

నాకు అలాంటి పని రొయ్యల సాగు. మాది ఒంగోలుకి తూర్పున, కొత్తపట్నం వైపు. చెక్ ట్రే, అంటే మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో ఉంచే పళ్లెం, పైకి లాగి, అందులో మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా మధ్యమధ్య ఖాళీగా ఉందా, పట్టుకుంటే ఎగురుతోందా నీరసంగా ఉందా అని చూసి ఆ పూట మేత ఎంత తగ్గించాలో చెప్పగలను. తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ గనక ఆగిందంటే ఆ చప్పుడు ఆగినందుకే నాకు మెలకువ వస్తుంది. ఈ తెలివి దేవుడిచ్చిందే, దాన్ని తక్కువ చెయ్యను. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూడకుండా సీడ్ (రొయ్య పిల్లలు) వదిలేసి ఆ తర్వాత ప్రార్థనకి కూర్చోవడాన్ని విశ్వాసం అనడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

కానీ ఈ తెలివి ఎంతదాకా? 1990ల్లో మన కోస్తాలో టైగర్ రొయ్య వేసిన మా పెద్దవాళ్లు నాకంటే తెలివి తక్కువ వాళ్లేమీ కాదు. తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకి గుంటలు, అంటే రొయ్యల చెరువులు, ఊడ్చుకుపోయాయి. 2009లో వనామి అనే కొత్త రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ అందరం లేచాం. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాడు, ఇక్కడ గుంటలో రొయ్య ఆరోగ్యంగానే ఉంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) బాగుంది, రేటు మాత్రం పడింది. ఏ చెక్ ట్రేలో కనపడుతుంది అది?

సామెతల గ్రంథం 3వ అధ్యాయంలో "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అన్న మాట చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిందే. బుద్ధి వాడొద్దని అందులో లేదు, దాని మీద బరువంతా వెయ్యొద్దని ఉంది. ఆ తేడా నాకు దావీదు దగ్గర బాగా కనపడింది. రెండో సమూయేలు 5వ అధ్యాయం చూడండి. దావీదు శత్రువులైన ఫిలిష్తీయులు రెఫాయీము లోయలో దిగారు. వెళ్లనా అని దావీదు అడిగాడు, వెళ్లమన్నాడు దేవుడు, వెళ్లి గెలిచాడు. కొన్నాళ్లకి మళ్లీ వాళ్లే, మళ్లీ అదే లోయ. మనమైతే ఏం చేస్తాం? పోయినసారి పనిచేసిన పద్ధతి ఉంది, పైగా అది దేవుడు చెప్పిన పద్ధతే, ఇంకెందుకు అడగడం అని బయలుదేరతాం. దావీదు మళ్లీ అడిగాడు. ఈసారి జవాబు వేరే వచ్చింది: ఎదురుగా వెళ్లకు, చుట్టు తిరిగి వెనక నుంచి రా, కంబళిచెట్ల కొనల్లో చప్పుడు వినపడ్డాకే కదులు. కుర్రతనం నుంచి యుద్ధాలు చేసిన మనిషి, చెట్టు కొనల్లో చప్పుడు కోసం సైన్యాన్నంతా ఆపుకుని నిలబడ్డాడంటే మాటలా!

ఈ ఏడాది మా పక్క గుంటలు లీజుకి వచ్చాయి. మా కరెంటు లైనుకి దగ్గర, కాలువ నీళ్లు అందుతాయి, లీజు కూడా మరీ ఎక్కువ చెప్పలేదు. లెక్క వేసుకుంటే ఎటు చూసినా సరిపోయింది. మా ఇంటావిడ ఒక్కటే మాట అంది: "లెక్క చూశారు సరే, దేవుణ్ణి అడిగారా?" అడిగాను. నిజంగా అడిగాను, అంటే వద్దన్నా సరేనని ముందు మనసులో ఒప్పుకుని అడిగాను. ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. రోజువారీ చదువుకునే వరుసలో, అప్పు చేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడన్న సామెత వచ్చింది. ఆ గుంటలు తీసుకుంటే మేత మొత్తం డీలరు దగ్గర అరువుకే తేవాలి. ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు, అరువు మేత తెచ్చుకున్నాక పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) ఎప్పుడు, ఎవరికి, ఏ రేటుకి అన్నది చాలావరకు మన చేతుల్లో ఉండదు. సంఘంలో మా పెద్దాయన్ని అడిగితే ఆయనా, ఆదివారం ఆరాధన కూడా మానుకుని గట్టు మీద కాపలా ఉండాల్సి వస్తుందేమో చూసుకో నాయనా అన్నారు. మా ఇంటావిడకి ముందు నుంచే మనసొప్పలేదు. ఈ మూడూ ఒకే వైపు చూపించాయి. వద్దని చెప్పేశాను.

ఇంకొకాయన తీసుకున్నాడు. ఆయనకి పంట బాగా వచ్చింది. ఈ విషయం దాచి రాస్తే సాక్ష్యం అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను. దేవుడు వద్దన్నాడు, తర్వాత ఆ గుంటకి వైరస్ తగిలింది, చూశారా ఎంత మంచి దేవుడో అని చెప్పుకునే సాక్ష్యాలు మనం చాలా వింటాం. నాది అలా జరగలేదు, ఆయన బాగుపడ్డందుకు సంతోషం. దేవుడు నాకు వద్దన్న కారణం ఇప్పటిదాకా తెలియలేదు, తెలియకపోయినా ఆయన మాట మీద నిలబడగలుగుతున్నాను. రాత్రిపూట టెన్షన్ లేకుండా పడుకుంటున్నాను. లాభం వస్తేనే అది ఆయన నడిపింపు అనుకుంటే మనం నమ్మింది లాభాన్నే కదా.

మా ఒంగోలు చరిత్రలోనే ఇలాంటిది ఒకటి ఉంది. 1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడ కొండ మీద ప్రార్థన చేశారు, అప్పటికి ఆ మిషన్ మూసేద్దామన్న మాటలు నడుస్తున్నాయి. అదే మిషన్‌కి చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చేసరికి 1866. ఆయన సర్వే పని నేర్చిన మనిషి, కొలిచి లెక్క వేసి అడుగు వేసే రకం. పై కులాల పిల్లలు ఆయన బడికి వస్తున్నారు, పెద్దలు ముందు వస్తే ఊరంతా వెనకే వస్తుందన్నది తెలివైన లెక్కే. ఇంతలో మాదిగ పల్లెల నుంచి విశ్వాసులు రావడం మొదలైంది, వాళ్లని చేర్చుకుంటే మేం మానేస్తామని పై కులాల వాళ్లు చెప్పేశారు. దిక్కు తోచక ఆయన గదిలోకి వెళ్లి కట్టలోంచి ఒక కొత్త నిబంధన తీసి తెరిస్తే మొదటి కొరింథీ మొదటి అధ్యాయం వచ్చింది, లోకంలో గొప్పవారు, జ్ఞానులు అనేకులు పిలవబడలేదన్న చోటు. భార్య వేరే గదిలో, వేరే పుస్తకంలో, తనకై తాను తెరిచిందీ అదే చోటు. ఇక వాళ్లు వెనకాడలేదు. ఆ తర్వాత 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు, కానీ తిండి కోసం వస్తున్నారేమోనని కరువు పని జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఎంతమంది అడుగుతున్నా ఆపాడు. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది చదివి బైబిల్ ఎక్కడో ఒకచోట తెరిచి వేలు పెట్టడం మొదలుపెట్టకండి దయచేసి. క్లౌ దొరకి అలా దొరికింది, ఆయన దాన్ని పద్ధతిగా పెట్టుకోమని మనకి చెప్పలేదు. వాక్యం రోజూ చదివేవాడికి అవసరమైన మాట సమయానికి అందుతుందని నా నమ్మకం. అలాగే మనకి ముందే ఇష్టమైనదానికి "దేవుడు నాతో మాట్లాడాడు" అని ముద్ర వేసుకోవడం కూడా చాలా ప్రమాదం. నాకు తెలిసిన గుర్తు ఒకటే, వద్దంటే మానుకోగలనా అని అడగడానికి ముందే చూసుకోవడం. మానుకోలేకపోతే నేను ఇంకా అడగడానికి సిద్ధంగా లేనట్టే.

ఇప్పుడు మళ్లీ ఒక ప్రశ్న ముందుంది. ఉన్న గుంటల్లోనే వచ్చే పంటకి సీడ్ వదలాలా, ఒక పంట ఆపి గుంటలు ఎండబెట్టాలా అని. నా అనుభవం వదలమంటోంది, రేటు చూస్తే ఆపమంటోంది. సీడ్ అమ్మే హ్యాచరీకి అడ్వాన్స్ ఇంకా కట్టలేదు. మా ఇంటావిడా నేనూ రాత్రి ప్రార్థనలో అడుగుతున్నాం. చదివినవాళ్లు మీ కుటుంబ ప్రార్థనలో ఈ విషయం కూడా ఒక్కసారి గుర్తు చేసుకోండి.