క్యాండీ దాకా బృందంతో, ఆపైన మా దారిన మేము

విదేశీ యాత్ర ఎలా వెళ్లాలన్న వాదన మా ఇంట్లో శ్రీలంక పేరు చెప్పి మొదలైంది. మా ఆవిడది ఒకటే పట్టు: టూరు వాళ్లతో వెళ్తే తెలుగు మాట్లాడే నలుగురు ఉంటారు, వేళకు అన్నం దొరుకుతుంది, ఒంట్లో నలతగా ఉంటే చూసే దిక్కుంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మాత్రం, “అంతా ఫోనులోనే బుక్ చేసుకోవచ్చు నాన్నా, జెండా పట్టుకున్నవాడి వెనక నడవడమెందుకు?” అన్నాడు. శ్రీకాకుళంలో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు వీళ్లిద్దరి గొడవా పట్టలేదు. నేను చూడాలనుకున్నవి రెండే: క్యాండీలో బుద్ధుడి దంతధాతువు ఉన్న ఆలయం, పొలన్నరువలో ఒక రాతి శాసనం. విశాఖపట్నంలో వాకబు చేసిన ప్యాకేజీలన్నిటిలోనూ మొదటిది ఉంది. రెండోది ఒక్కదానిలోనూ లేదు.

వీటి మీదే ఎందుకంత మమకారమంటే, రెండూ మా జిల్లా గడప దాకా వచ్చే కథలు. కళింగ రాజధాని దంతపురంలో పూజలందుకుంటున్న బుద్ధుడి దంతాన్ని, యుద్ధం ముంచుకొచ్చినప్పుడు రాజు గుహశివుడి కూతురు హేమమాల జడలో దాచుకొని, భర్త దంతకుమారుడితో కలిసి సింహళానికి చేర్చిందని అక్కడి సంప్రదాయం. క్రీ.శ. 4వ శతాబ్దపు మాట. ఆ దంతపురం మా సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోటేనని ఇక్కడివాళ్ల నమ్మకం. కాదు, పూరీ అనేవాళ్లున్నారు. బెంగాల్‌లోని దంతన్ అనేవాళ్లూ ఉన్నారు. తగువు తెగలేదు. ఇక 1187 నుంచి 1196 వరకు పొలన్నరువను ఏలిన నిశ్శంకమల్లుడు, తాను కళింగ దేశపు సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నాడు. పూర్వం కళింగను ఏలిన మాఠర రాజుల నాటి సింహపురాన్ని కొందరు చరిత్రకారులు శ్రీకాకుళం పక్కనున్న సింగుపురంగా గుర్తించారు. నిశ్శంకమల్లుడు చెప్పిన ఊరూ అదేనా అన్నది వేరే చర్చ. కానీ సింగుపురం మీదుగా ఏళ్ల తరబడి బస్సులో బడికి వెళ్లి వచ్చినవాడికి ఆయన చెక్కించిన ఆ రాయి చూడకుండా మనసెలా ఊరుకుంటుంది?

చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, క్యాండీ వరకు బృందంతో వెళ్లడం, అక్కడ విడిపోయి పొలన్నరువ చూసుకొని మా అంతట మేము తిరిగి రావడం. టూరు నిర్వాహకుడు మొదట ససేమిరా అన్నాడు. తిరుగు టికెట్టు మేమే కొనుక్కుంటామని, విడిపోయాక మా బాధ్యత మాదేనని రాసిచ్చాక ఒప్పుకున్నాడు. ధర మాత్రం పైసా తగ్గించలేదు. దాని మీద జీఎస్టీ, టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) అదనం. టీసీఎస్ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది కాబట్టి ఆ రసీదు భద్రంగా దాచుకోవాలి. విమాన టికెట్టు, హోటలు ఎవరికి వారు విడివిడిగా కొనుక్కుంటే అది టూరు ప్యాకేజీ కిందకు రాదు, ఆ టీసీఎస్ వడ్డనా ఉండదు. కరపత్రాల్లో ఈ సంగతి అచ్చు వేయగా నేను చూడలేదు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి చెన్నై, అక్కడి నుంచి విమానంలో కొలంబో. బృందంతో వెళ్లడంలోని సుఖం నాకు నువర ఎలియలో తెలిసింది. సముద్రమట్టానికి 6,000 అడుగులకు పైన, తేయాకు తోటల మధ్య ఉన్న ఊరు. పొద్దు వాలితే చలి. మాతో వచ్చిన నరసన్నపేట పెద్దావిడకు రాత్రి ఆయాసం వచ్చింది. టూరు మేనేజరు అప్పటికప్పుడు వ్యాను తీయించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు, బీమా కాగితాలు తానే నింపాడు, తెల్లారేసరికి ఆమెను వెనక్కి తెచ్చి వంటమనిషి చేత జావ కాయించాడు. మా అబ్బాయి చెప్పిన ఫోనులో ఈ సదుపాయం లేదు.

ఆ ఊరి దగ్గరే సీత ఎలియలో సీతమ్మ గుడి. పక్కన పారే వాగులో బండ మీది గుంటలు హనుమంతుడి పాదాల గుర్తులంటారు. మా బృందంలో ఒకావిడ రాముడి మీద కీర్తన అందుకోగానే అందరూ గొంతు కలిపారు. ప్రతిదానికీ ఆధారం ఏదని సణిగే నేనూ పాడాను. ఇద్దరమే వెళ్లి ఉంటే అక్కడ ఒక ఫొటో తీసుకొని కదిలేవాళ్లం.

అయితే బృందంలో మన పొద్దు మన చేతిలో ఉండదు. సుగంధ ద్రవ్యాల తోట, టీ ఫ్యాక్టరీ, బాతిక్ బట్టల కొట్టు, ఏ ఒక్కటీ తప్పించుకోలేం. క్యాండీలో దళద మాళిగావకు, అంటే దంతధాతువు ఆలయానికి, మాకు దక్కింది ముప్పావు గంట. అందులో సగం చెప్పులు అప్పగించి వరుసలో నిలబడటానికే పోయింది. అక్కడి నుంచి నేరుగా రత్నాల దుకాణం. ముందు గని మట్టి కడిగే వీడియో చూపించారు, తరువాత టీ ఇచ్చారు, ఆ తరువాత ఒక్కొక్కరి కుర్చీ వెనక ఒక్కో అమ్మకందారు నిలబడ్డాడు. గంటన్నర దాటినా లేచే ఊసు లేదు. “బుద్ధుడి దంతం కన్నా నీలాలకే ఎక్కువ సేపా?” అని అడిగితే, “అందరూ ఏదో ఒకటి కొనుక్కుంటారు కదా మాస్టారూ” అన్నాడు మేనేజరు. మంచి మనిషి, నరసన్నపేట ఆవిడ విషయంలో అది కళ్లారా చూశాను. కానీ ప్యాకేజీలు అంత చౌకగా ఎలా గిట్టుబాటవుతాయో తెలియాలంటే ఇలాంటి దుకాణంలో ఒక పూట కూర్చుంటే చాలు.

మర్నాడు మా వాళ్ల బస్సు కొలంబోకు వెళ్లిపోయింది. అది మలుపు తిరిగేదాకా చూసి, “ఇప్పుడు అన్నం ఎక్కడ?” అంది మా ఆవిడ. అన్నానికి కొదవ లేదు. పప్పు కూరను అక్కడ పరిప్పు అంటారు, కొబ్బరి పాలతో కమ్మగా ఉంటుంది. ఇడియాప్పం ప్రతి చిన్న హోటల్లోనూ దొరుకుతుంది. శాకాహారులు జాగ్రత్త పడవలసింది పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడి దగ్గర. అందులో ఎండుచేప పొడి కలుపుతారు. అడిగితే లేనిది ఇస్తారు, అడగకపోతే మన ఖర్మ.

సాయంత్రం ఆరున్నర పూజకు తీరిగ్గా మళ్లీ ఆలయానికి వెళ్లాం. కింద డోళ్లు మోగుతుంటే తామర పూలతో మేడ మీద వరుసలో నిలబడాలి. తలుపు తెరిచాక దంతం కనబడదు, దాన్ని పొదిగి ఉంచిన స్తూపం ఆకారపు బంగారు కరండం, అంటే భరిణె, మాత్రం కొద్ది క్షణాలు కనబడుతుంది. బయటికొచ్చాక పత్తిరిప్పువ అనే ఎనిమిది పలకల మండపం ముందు చాలాసేపు నిలబడ్డాను. దాన్ని కట్టించిన శ్రీ విక్రమ రాజసింహ క్యాండీ చివరి రాజు, తెలుగు మూలాలున్న మధుర నాయకుల బంధువర్గం వాడు. ఎదురుగా ఉన్న చెరువూ ఆయన తవ్వించిందే. 1815లో ఇంగ్లీషువాళ్లు ఆయన్ను పట్టుకొని, ఆ తరువాత వేలూరుకు పంపారు, 1832లో అక్కడే పోయాడు. ముందురోజు గైడు ఇదంతా మైకులో అర నిమిషంలో తేల్చేశాడు, అదీ దుకాణానికి వేళవుతోందంటూ.

పొలన్నరువకు బస్సులో వెళ్లాం. దంబుల్ల, హబరణ మీదుగా దాదాపు నాలుగు గంటల దారి. ముందు సీటులో మా ఆవిడ కూర్చోబోతే అది భిక్షువులదని కండక్టరు మర్యాదగా వెనక చోటు చూపించాడు. మేము దిగిన ఇంటి యజమాని, మేము కళింగం వాళ్లమని తెలిసి, “మాఘుడి మనుషులా!” అని నవ్వాడు. నవ్వులాట కాదది. నిశ్శంకమల్లుడు అలంకరించిన ఊరిని 1215లో దండెత్తి వచ్చి ధ్వంసం చేసింది కళింగ మాఘుడే. మేము మొదటాయన కోసం వచ్చామని చెప్పుకున్నాను.

శిథిలాల టికెట్టు డాలర్లలో ఉంటుంది. సార్క్ దేశాల వాళ్లకు రాయితీ ఉంది కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఆటో మాట్లాడుకున్నాం. వటదాగె అనే గుండ్రటి బౌద్ధ మందిరం లాంటి పవిత్ర స్థలాల్లో చెప్పులు, టోపీ తీసేయాలి. మధ్యాహ్నం ఆ రాళ్ల మీద అట్లు పోయవచ్చు. ఆటో అబ్బాయి సలహా మీద మేజోళ్లు తొడుక్కున్నాం.

గల్ పోత, అంటే రాతి పుస్తకం, వటదాగె పక్కనే ఉంది. దాదాపు 27 అడుగుల పొడవున్న ఒకే రాయి, బరువు 25 టన్నులంటారు. దీన్ని సుమారు 100 కిలోమీటర్ల అవతలి మిహింతలె నుంచి తెప్పించానని నిశ్శంకమల్లుడు ఆ రాతి మీదే చెక్కించాడు, మిగతా గొప్పలతో పాటు. లిపి సింహళం, నేను చదవలేను. అయినా వరుస వరుసా వేలు గాలిలో కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా నడిచాను. అంచుల వెంట హంసల బారు ఉంది. ఎండకు తాళలేక చెట్టు కింద కూర్చున్న మా ఆవిడ ఇంతలో లేచి వచ్చి, రాయి కొసన వంగి చూసి, “మన గుమ్మం మీదున్న అమ్మవారే కదండీ” అంది. నిజమే. అటూ ఇటూ ఏనుగులు నీళ్లు పోస్తుంటే మధ్యలో గజలక్ష్మి. నేను అక్షరాల వెంట పడి ఆ వైపే చూడలేదు. మమ్మల్ని రమ్మని పిలిచేవాళ్లెవరూ లేరు. రెండు బస్సుల వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకొని వెళ్లిపోయినా మేమింకా అక్కడే ఉన్నాం.

గల్ విహారలో 46 అడుగుల పొడవున ఒరిగిన బుద్ధుణ్ణి సాయంత్రం చల్లబడ్డాక చూశాం.

సొంతంగా తిరిగితే చౌక అనేవాళ్లకు ఒక మాట: మాకు కాలేదు. ఆటోలు, డాలరు టికెట్లు, విమానాశ్రయానికి అద్దె కారు, విడిగా కొన్న తిరుగు టికెట్టు, అన్నీ కలిపితే ఆ భాగం రోజువారీ ఖర్చు బృందంలోకన్నా ఎక్కువే తేలింది. ఇప్పుడు అంగ్‌కోర్‌వాట్ ఎప్పుడని అడుగుతున్నది మా ఆవిడే. రెండు షరతులు కూడా పెట్టింది: వంటమనిషి ఉన్న బృందంతోనే బయల్దేరాలి, దుకాణాల పూట మాత్రం మమ్మల్ని వదిలేస్తామని ముందే రాయించుకోవాలి.