సీసతోని కొట్టిన కేసు: శిక్ష పడేదాకా మేం చూసింది

మా ఆయనది హైదరాబాద్ బోరబండల చిన్న సెల్ రిపేర్ షాపు. 2021ల ఒక రాత్రి షట్టర్ దించే టైముకి మా గల్లీ పిలగాడే ఒకడు ఫుల్లు తాగొచ్చి, పైసలియ్యకుండనే రిపేర్ ఐన ఫోన్ ఇయ్యమని లొల్లి పెట్టిండు. మాటకు మాట పెరిగి చేతులున్న బీరు సీసతోని నెత్తి మీద కొట్టబోతే మా ఆయన కుడి చెయ్యి అడ్డం పెట్టిండు. బొక్క ఇరిగింది, సీస పలిగింది, ఆ పలిగిన సీసతోనే మళ్ల పొడిచిండు, రెండు వేళ్ల నరాలు తెగినయ్. నేను అక్కడనే ఉన్న. గుండుసూదంత స్క్రూలు తిప్పే చెయ్యి అది, ఇప్పటికీ ఆ రెండు వేళ్లు పూర్తిగ ముడుచుకోవు.

పోలీస్ స్టేషన్‌ల ఫస్టు అప్పటి నేరాల చట్టం ఐపీసీల 324 సెక్షన్, అంటే ఆయుధంతోని మామూలు గాయం చేసుడు, దాని కింద ఎఫ్ఐఆర్ చేసిన్రు. సీస కూడ ఆయుధమేనా అని చానామంది అడిగిన్రు, అవును, కత్తే ఉండాల్నని లేదు, దాంతోని కొడితే పాణం పోయేటట్టుంటే ఏ వస్తువైనా ఆయుధం కిందకే వస్తది. కానీ 324కు ఎక్కువల ఎక్కువ మూడేళ్లు, లేదంటే ఉత్త జుర్మానాతోని కూడ అయిపోవచ్చు, బెయిల్ కూడ స్టేషన్‌లనే దొరుకుతది. వాడు తెల్లారే ఇంటికొచ్చిండు. మేమింకా దవాఖానలనే ఉన్నం.

కేసు మొత్తం తిరిగింది ఎక్స్‌రే కాడ. ఆ రాత్రి ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసుల గాయాల రిపోర్టు, రాసిన డాక్టర్ సాబ్ గాయం చిన్నదా పెద్దదా అన్న కాడ ఎక్స్‌రే వచ్చినంక చెప్తా అని ఖాళీ ఉంచిండు, అది మామూలేనట. కానీ ఎక్స్‌రే రిపోర్టు దవాఖానల ఒక కాడ, మా కేసు కాయితాలు ఇంకో కాడ, రెండు కల్వకపోతే గాయం సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ రాకపోతే సెక్షన్ మారదు. స్టేషన్‌ల ఒక హెడ్ కానిస్టేబుల్ మంచి మనిషి, "అమ్మా, బొక్క ఇరిగినట్టు డాక్టర్ రాసిస్తే ఇది 326 అయితది, ఆయుధంతోని పెద్ద గాయం చేసిన కేసు, మీరు వెంట పడాలె" అని చెప్పిండు. పడ్డ. రికార్డు రూముకు, డాక్టర్ రూముకు, మళ్ల కేసు దర్యాప్తు చేసే ఐఓ సారు దగ్గరికి తిరిగి తిరిగి ఆ గాయం సర్టిఫికెట్ మీద గ్రీవియస్, అంటే పెద్ద గాయం, అన్న మాట రాయించేదాకా ఇడ్సిపెట్టలే. అప్పుడు 326కి మార్చినట్టు కోర్టుల మెమో ఏసిన్రు. దీనికి పదేళ్లు, యావజ్జీవం దాకా కూడ ఇయ్యొచ్చు, జుర్మానా తప్పనిసరి, బెయిల్ కోర్టే ఇయ్యాలె. వాన్ని మళ్ల పట్కొని చంచల్‌గూడ జైలుకు పంపిన్రు, కొన్ని వారాలున్నంక బయటికొచ్చిండు.

ఇగ ఇంటి మీదికి మనుషులు రావుడు షురూ అయింది. వాళ్లమ్మ వచ్చి నా చేతులు పట్కొని ఏడ్సింది, "బిడ్డా, మత్తుల చేసిండు, వానికి సోయి లేకుండె, కేసు వాపస్ తీస్కోరాదు" అని. ఆమెను చూస్తే నాకూ దుఃఖమొచ్చింది, అబద్ధమెందుకు. కానీ పెద్దమ్మా, 326 రాజీ పడే సెక్షన్ కాదు, సర్కారే నడిపే కేసు, నా చేతుల లేదు అని చెప్పిన. నా చేతుల ఉన్నా వాపస్ తీస్కునేదాన్ని కాదు.

ఈ "మత్తుల చేసిండు" మాట కోర్టుల కూడ వచ్చింది. సర్కారు తరఫున వాదించే వకీలు, ఏపీపీ మేడం, మాకు ఇడమర్చి చెప్పింది, ఎవరన్న తెల్వకుండ తాగిపిస్తేనో, బలవంతంగ తాగిపిస్తేనో, అప్పుడు సోయి లేకుంటేనే ఐపీసీ 85 కింద మాఫీ ఉంటది, సొంతంగ తాగినోనికి అది ఉండదు, ఏం చేస్తున్నడో వానికి తెల్సన్నట్టే 86 కింద లెక్క పెడతరు అని. సుప్రీంకోర్టు 1956లనే బసదేవ్ కేసుల చెప్పిందట, పెండ్లికాడ తాగిన రిటైర్డ్ జమాదార్ ఒకాయన, కూసున్న కాడికెల్లి జరగలేదని ఒక పిలగాన్ని పిస్తోలుతో కాల్చి సంపిండు, తాగి ఉండెనని, హత్య కాదు, దానికంటే చిన్న నేరం కింద లెక్క పెట్టమంటే ఒప్పుకోలే. ఆ రోజు నాకు మస్తు ధైర్యమొచ్చింది.

సాక్ష్యం చెప్పుడు కష్టం. వాళ్ల వకీలు సాబ్, మీ ఆయనే షోకేస్ అద్దం మీద పడ్డడు కదా అని మళ్ల మళ్ల అడిగిండు. పంచనామ మీద సంతకం పెట్టిన ఒకాయన నాకేం తెల్వదని హోస్టైల్ అయిండు. అయినా దెబ్బ తిన్న మనిషి సొంతంగ చెప్పిన మాటకు కోర్టుల బరువెక్కువ, దాన్ని సర్టిఫికెట్, ఎక్స్‌రే నిలబెట్టినయ్.

తీర్పు 2024 మొదట్ల వచ్చింది. నేరం రుజువైందని చెప్పినంక జడ్జి సారు వెంటనే శిక్ష చెప్పలే, శిక్ష గురించి నువ్వేమన్న చెప్పుకుంటవా అని వాన్ని అడిగిండు. ఇద్దరు చిన్న పిల్లలు, ముసలమ్మ, ఇదే మొదటి కేసు, ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండ మంచిగుంటనని బాండు రాయించుకొని, ఇడ్సిపెట్టమని వాని వకీలు బతిమాలిండు. అప్పుడు మేడం లేచి, 1958 ప్రొబేషన్ చట్టం నాలుగో సెక్షన్ యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు, 326కు యావజ్జీవం ఉంది అన్నది. 324 కాడనే ఆగి ఉంటే వాడు ఒక బాండు రాసిచ్చి ఇంటికి పోయేటోడేమో! ఆ ఎక్స్‌రే కాయితం కోసం తిరిగిన తిరుగుడు నాకు గప్పుడు సమజైంది.

రెండేళ్ల జైలు, పది వేల జుర్మానా, అందుల ఎనిమిది వేలు మాకు ఇయ్యాల్నని రాసిండు. కానీ అదే పొద్దుమీకి వాడు గల్లీలకొచ్చిండు! మూడేళ్ల లోపు శిక్షయితే, అప్పటిదాకా బెయిల్ మీదనే ఉన్నోడు అప్పీల్ చేస్కుంటనంటే శిక్ష ఆపి మళ్ల బెయిల్ ఇస్తరట. ఆ రాత్రి మా ఇంట్ల ఎవ్వరం బువ్వ తినలే. ఎవరూ ముందు చెప్పరు కాబట్టి చెప్తున్న, గది కేసు ఓడిపోయినట్టు కాదు. పోయినేడు సెషన్స్ కోర్టుల అప్పీల్ కొట్టేసిన్రు, వాడు లొంగిపోయిండు, ముందు జైల్ల ఉన్న రోజులు శిక్షల కలుపుకున్నరు. ఎనిమిది వేలు కూడ అప్పీల్ తేలినంకనే చేతికొచ్చినయ్.

ఆపరేషన్ ఖర్చుకు ఎనిమిది వేలు ఏ మూలకు? తీర్పు రోజే మేడం అడగబట్టి జడ్జి సారు విక్టిమ్ కాంపెన్సేషన్, అంటే దెబ్బ తిన్నోళ్లకు సర్కారు ఇచ్చే పరిహారం, కోసం లీగల్ సర్వీసెస్ అథారిటీకి కూడ సిఫారసు రాసిండు. మీరూ మీ ఏపీపీని శిక్ష వాదనకు ముందే అడుగుర్రి, 2013ల సుప్రీంకోర్టు ప్రతి కేసుల పరిహారం సంగతి కోర్టులు ఆలోచించాలె అని చెప్పింది. ఇసొంటి నేరం 2024 జులై 1 నుంచి జరిగినదైతే 326 కాదు, ఐపీసీ జాగల వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌ల 118(2), దానికి కనీసం ఏడాది జైలు తప్పదు. బొక్క ఇరగకున్నా పదిహేను రోజులు పని చేస్కోలేకపోతే గ్రీవియస్ కిందకే వస్తది, పాత చట్టంల ఇరవై ఉండె. గందుకే దవాఖాన చీటీలు, మందుల బిల్లులు, ఫిజియోథెరపీ రసీదులు అన్నీ తారీఖులతోని దాచుకోర్రి. మా దరఖాస్తుకు అవన్నీ జిరాక్సులు పెట్టినం, షాపు ఎన్నాళ్లు బందున్నదో లెక్క కూడ రాసిచ్చినం.